పొడవు టూటూనా, పొట్టి టూటూనా: బ్యాలే నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులకి

పోయిన ఏడాది మా అమ్మాయి బ్యాలే టీచర్ క్లాసు అయ్యాక నన్ను పక్కకి పిలిచి, "ఈసారి సోలో చేయిద్దాం, టూటూ మాత్రం మీరే చూసుకోవాలి" అన్నారు. టూటూ అంటే బ్యాలేలో అమ్మాయిలు వేసుకునే, నెట్టు పొరల స్కర్టున్న డ్రస్సు. అంతకుముందు గ్రూప్ డాన్సులకి కాస్ట్యూమ్ స్టూడియోవాళ్లే తెప్పించేవాళ్లు. మేం డబ్బు కట్టేవాళ్లం, అంతే. ఆ రాత్రి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. రొమాంటిక్, పాన్‌కేక్, ప్లాటర్, బెల్, పౌడర్ పఫ్ అంటూ పేర్లే అరడజను. ధర వంద డాలర్ల లోపు నుంచి వేలల్లోకి వెళ్తోంది. నేను నరసాపురంలో పుట్టినదాన్ని. అరుగు మీద అమ్మమ్మ లేసు అల్లుతుంటే పక్కన కూర్చుని పెరిగాను. నెట్టు, దారం, అల్లిక నాకు కొత్త కాదు. అయినా వీటిలో ఏది ఎందుకు కొనాలో అంతుపట్టలేదు.

తర్వాత కొన్ని నెలలపాటు చదివాను, చూశాను, రెండుసార్లు డబ్బు పోగొట్టుకున్నాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు ఒకటే ప్రశ్న వేస్తాను: ఆ నాట్యంలో చూసేవాళ్లకి ఏం కనబడాలి? పాదాలా, కాళ్లు మొత్తమా, లేక మనిషి నేలకి ఆనకుండా తేలుతున్న భావనా? టూటూలో ఒక్కో ఆకారం ఇలాంటి ఒక్కో అవసరం కోసం పుట్టింది. ఆ పుట్టుక తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. అందుకే దుకాణం కంటే ముందు పారిస్ వెళ్దాం.

తెల్లటి పొడవు టూటూ ఎక్కడిది

18వ శతాబ్దంలో అక్కడ వేదికల మీద ఆడవాళ్లు నేలని తాకే బరువైన గౌన్లతోనే నాట్యం చేసేవారు. మేరీ కమార్గో అనే నర్తకి గాల్లోకి ఎగిరి, కిందికి దిగేలోపు పాదాలని చకచకా అటూ ఇటూ దాటించేది. గౌను అంచు కింద అంత కష్టమూ దాగిపోతుంటే ఏం లాభం? ఆమె అంచుని చీలమండ పైకి ఎత్తించింది. ఆ నాలుగు వేళ్ల ఎత్తుకే అప్పట్లో ఊరంతా మాట్లాడుకుంది. టూటూ అనే పేరు ఇంకా లేదు గాని, దాని కథ అక్కడే మొదలైందని నేను అనుకుంటాను.

అసలు మలుపు 1832 మార్చి 12న వచ్చింది. ఆ రోజు పారిస్ ఒపేరాలో 'లా సిల్ఫీద్' తొలి ప్రదర్శన. మేరీ టాలియోని గాలిలో తిరిగే ఒక దేవకన్య పాత్ర వేసింది. నాట్యం కూర్చింది ఆమె తండ్రి ఫిలిప్పో. బిగుతైన బాడిస్ (ఒంటికి పట్టే పైభాగం), తెరిచి ఉన్న భుజాలు, మోకాలికీ చీలమండకీ మధ్య ఆగిపోయే తెల్లటి గంట ఆకారపు స్కర్టు. ఆమె మునివేళ్ల మీద నిలబడితే ఆ పలచటి పొరలు ఒక క్షణం ఆలస్యంగా కిందికి దిగేవి. మనిషి ఆగినా గుడ్డ ఇంకా కదులుతూ ఉండేది. ఆమెకి బరువే లేదన్న భ్రమ ఆ ఆలస్యంలోంచే పుట్టింది. రొమాంటిక్ టూటూ అంటే ఈ పొడవుదే, దాని రహస్యం మొత్తం ఇదే.

దీని వెనక ఇంకో రెండు కారణాలు కూడా ఉన్నాయి. 1809లో ఇంగ్లండ్‌లో జాన్ హీత్‌కోట్ యంత్రం మీద నెట్టు అల్లే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు చేత్తో అల్లితే గాని దొరకని జాలీ గుడ్డ గజాల లెక్కన రావడం మొదలైంది. రెండోది వెలుతురు. 1822లో పారిస్ ఒపేరాలోకి గ్యాస్ దీపాలు వచ్చాయి. దీపాన్ని తగ్గించి పెంచే వీలు రావడంతో వేదిక మీద వెన్నెల పుట్టించగలిగారు. ఆ మసక వెలుతురులో తెల్లటి పలచటి గుడ్డ పొగమంచులా కనిపించేది. 1841లో వచ్చిన 'జిజెల్' రెండో అంకంలో, పెళ్లి కాకుండానే చనిపోయిన కన్నెపిల్లల ఆత్మలు ఈ తెల్లటి టూటూల్లోనే అర్ధరాత్రి అడవిలో వరుసలు కడతాయి. ఇప్పటికీ ఆ అంకానికి వేరే బట్టలు ఎవరూ సులువుగా ఊహించలేరు.

అదే వెలుతురు ప్రాణాలూ తీసింది. టాలియోని శిష్యురాలు ఎమ్మా లివ్రీకి ఇరవై ఏళ్లు. 1862 నవంబర్ 15న పారిస్ ఒపేరాలో రిహార్సల్ జరుగుతుండగా ఆమె స్కర్టు గ్యాస్ దీపానికి తగిలి అంటుకుంది. ఎనిమిది నెలలు నరకయాతన పడి 1863 జూలైలో కన్నుమూసింది. నిప్పు పట్టకుండా గుడ్డకి రసాయనం పట్టించే పద్ధతి అప్పటికే ఉంది. కాని అలా చేస్తే గుడ్డ బిరుసెక్కి, మెరుపు తగ్గి, ఊగడం మానేస్తుందని ఆమె వేసుకోవడానికి ఒప్పుకోలేదు. కాలిపోగా మిగిలిన ఆ బట్టల పేలికలని పారిస్ ఒపేరా మ్యూజియంలో ఇప్పటికీ దాచి ఉంచారు.

ఇది చెప్పడానికి కారణం ఉంది. నేటి టూటూలు, చిన్నపిల్లలకి పుట్టినరోజుకి వేసే టూటూ ఫ్రాకులు ఎక్కువగా నైలాన్ నెట్టువే. నైలాన్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. దీపావళి సాయంత్రం పిల్లకి ఆ ఫ్రాకు వేసి చేతికి కాకరపువ్వొత్తి ఇవ్వకండి. కేకు మీద కొవ్వొత్తుల దగ్గర కూడా పెద్దవాళ్లు ఒకరు పక్కనే ఉండాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మొహమాటమూ చూడను.

స్కర్టు పొట్టిదైంది ఎందుకు

ఫ్రెంచి చిత్రకారుడు డెగా వేసిన బొమ్మల్లో నర్తకీమణులని చూస్తే స్కర్టు మోకాలి దాకా వచ్చేసి ఉంటుంది, గంటలా కిందికి వాలి ఉంటుంది. ఇప్పుడు దుకాణాల్లో బెల్ టూటూ అని అమ్మేది దాదాపు అదే. 1881లో ఆయన ప్రదర్శించిన పద్నాలుగేళ్ల నర్తకి శిల్పానికి నిజం గుడ్డతోనే స్కర్టు కట్టాడు. టూటూ అనే మాట కూడా ఆ కాలంలోనే వాడుకలోకి వచ్చింది. ఫ్రెంచి పిల్లల ముద్దుమాటల్లో పిరుదులకి వాడే పదం నుంచి వచ్చిందని చెబుతారు.

ఆ తర్వాత కథ ఇటలీ మీదుగా రష్యాకి వెళ్లింది. 1880లలో వర్జీనియా జుక్కీ వంటి ఇటలీ నర్తకీమణులు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అడుగుపెట్టారు. వాళ్ల బలం కాళ్లలో ఉంది. వేగంగా తిరగడం, ఒంటికాలి మీద ఎక్కువసేపు నిలవడం, కాలిని నడుము దాటి ఎత్తడం వాళ్ల విద్య. పొడవు స్కర్టులో ఇవన్నీ మరుగున పడిపోతాయి. జుక్కీ తన స్కర్టుని పొట్టిగా వేసుకుంది. 1895లో 'స్వాన్ లేక్' కొత్త ప్రదర్శనలో పియెరీనా లెన్యానీ ఒకే కాలి మీద, రెండో కాలిని కొరడాలా విసురుతూ 32 చుట్లు తిరిగింది. మోకాలు ఎక్కడ వంగుతోందో, ఎక్కడ బిగుస్తోందో జనం చూడాలి. చూస్తేనే చప్పట్లు.

అలా తగ్గుతూ తగ్గుతూ 20వ శతాబ్దం మధ్యకి స్కర్టు తుంటి దగ్గర నుంచి నేలకి సమాంతరంగా నిలబడిపోయింది. అదే పాన్‌కేక్. మన మాటలో అట్టు. పది నుంచి పద్నాలుగు పొరల బిరుసు నెట్టు, కింద పొర అన్నిటికంటే చిన్నది, పైది అన్నిటికంటే పెద్దది. మధ్య పొర ఒకదానిలో సన్నటి ఉక్కు తీగ వలయం దూర్చి ఉంటుంది. పొరలన్నిటినీ లోపలి నిక్కరుకి వరుసలు వరుసలుగా కుట్టి, ఆ పైన పొరకీ పొరకీ మధ్య చేత్తో వదులు టాకాలు వేస్తారు. ఆ టాకాలు బిగిస్తే పళ్లెంలా చదునుగా ఉంటుంది, వదిలితే కొంచెం ఉబ్బుతుంది. మంచి చేతిపనికీ ఫ్యాక్టరీ సరుకుకీ తేడా ముందు ఇక్కడే తెలుస్తుంది. కొనేముందు తిరగేసి కింద పొరలు చూడండి. టాకాలు ఒకే దూరంలో, లోపల కూడా శ్రద్ధగా ఉంటే పైన పూసలు తక్కువున్నా తీసుకోవచ్చు. పైన రాళ్లు మెరుస్తూ లోపల జిగురుతో అతికించి ఉంటే వదిలేయండి.

ప్లాటర్ అనేది దీనికి అక్కచెల్లెలే. తేడా అల్లా, పాన్‌కేక్ తుంటి దగ్గర మొదలైతే ప్లాటర్ నడుము దగ్గరే మొదలవుతుంది. పొడవాటి నడుము ఉన్న అమ్మాయికి ప్లాటర్ బాగుంటుంది. నడుము పొట్టిగా ఉంటే పాన్‌కేకే నయం, ఒంటిగీత ఇంకాస్త సాగినట్టు కనిపిస్తుంది.

కరీన్స్కా చేసిన మార్పు

నాకు అన్నిటికంటే నచ్చిన కథ పౌడర్ పఫ్‌ది. జార్జ్ బాలన్‌చిన్ 'సింఫనీ ఇన్ సి' అనే నాట్యం కూర్చాడు. 1947లో మొదట పారిస్‌లో, మరుసటి ఏడాది న్యూయార్క్‌లో ప్రదర్శించారు. అందులో కథ లేదు, నాట్యమే కథ. ఆఖరి భాగంలో యాభై మందికి పైగా ఒకేసారి వేదిక మీద ఉంటారు. అంతమంది తీగ వలయాలున్న టూటూలు వేసుకుంటే ఏమవుతుంది? ఒకరి అంచు ఇంకొకరికి తగులుతుంది, తగిలిన వెంటనే పళ్లెం మొత్తం ఒక పక్కకి లేస్తుంది. వెనక వరుసవాళ్ల నిక్కర్లు కనిపిస్తాయి.

దీనికి దారి చూపింది బార్బరా కరీన్స్కా. ఖార్కివ్‌లో పుట్టి, ఎంబ్రాయిడరీతో జీవితం మొదలుపెట్టి, పారిస్, లండన్ మీదుగా న్యూయార్క్ చేరిన దర్జీ ఆవిడ. 1950లో ఆ నాట్యానికి కొత్త టూటూ కుట్టింది. వలయం తీసేసింది. పొరలు ఆరేడుకి తగ్గించి, టాకాలు వదులు చేసింది. స్కర్టు పౌడరు రాసుకునే పఫ్‌లా మెత్తగా వాలింది. ఒకరికొకరు తగిలినా ఏమీ కాదు, గుడ్డ ముడుచుకుని మళ్లీ విచ్చుకుంటుంది. బాడిస్ పక్క ముక్కలని కూడా ఆమె ఏటవాలుగా, అంటే గుడ్డ సాగే వైపుకి కత్తిరించేది. ఊపిరి తీసుకున్నప్పుడు పక్కటెముకలతోపాటు బాడిస్ కూడా సాగుతుంది. బ్లౌజులు కుట్టేవాళ్లు ఎవరైనా ఈ మాట వింటే ఆమె పనితనం ఏపాటిదో వెంటనే గ్రహిస్తారు.

అందుకే స్టూడియోల్లో పది పదిహేను మంది పిల్లలు చిన్న స్కూల్ స్టేజీ మీద ఒకేసారి ఆడే నాట్యానికి నేను ఎప్పుడూ పౌడర్ పఫ్ లేదా బెల్ వైపే మొగ్గుతాను. కాస్ట్యూమ్‌లు నిర్ణయించే కమిటీలో ఎవరైనా ఉంటే దయచేసి ఈ మాట అక్కడ చెప్పండి. పాన్‌కేక్ సోలోకి, ఇద్దరు చేసే నాట్యానికి బాగుంటుంది. ఇద్దరు చేసేటప్పుడు కూడా అబ్బాయి కొంచెం దూరంగా నిలబడి ముందుకి వంగి పట్టుకోవాలి, అది వేరే సాధన.

ఈ మధ్యకాలపు నాట్యాల్లో పొరలే లేని పలచటి పళ్లెం లాంటి టూటూలు కూడా చూస్తున్నాం. విలియం ఫోర్సిత్ 1996లో కూర్చిన ఒక నాట్యంలో ఆకుపచ్చ చక్రాల్లాంటి టూటూలు చాలా ప్రసిద్ధం. చూడటానికి అద్భుతం గాని, పిల్లల పోటీలకి అవి అవసరం లేదు.

మీ అమ్మాయి చేసే నాట్యానికి ఏది

అన్నిటికంటే ముందు నాట్యం పేరు అడగండి. చాలా వాటికి సంప్రదాయం ఎప్పుడో నిర్ణయించేసింది. 'స్లీపింగ్ బ్యూటీ'లో అరోరా, 'పాకీటా', 'నట్‌క్రాకర్'లో షుగర్ ప్లమ్ ఫెయిరీ, 'స్వాన్ లేక్'లో తెల్ల హంస, నల్ల హంస వంటివాటికి పొట్టి టూటూ. 'జిజెల్' రెండో అంకానికి, 'లా సిల్ఫీద్'కి తెల్లటి పొడవు టూటూ. 'జిజెల్' మొదటి అంకంలో ఆమె పల్లెటూరి పిల్ల, కాబట్టి పొడవు స్కర్టే అయినా తెల్లది వేయకూడదు, నీలమో మట్టిరంగో ఉన్న గౌను వేయాలి. 'డాన్ కిహోతె'లో కిట్రి మొదటి అంకంలో ఫ్రిల్లులున్న గౌనుతో, పెళ్లి అంకంలో పొట్టి టూటూతో వస్తుంది. ఒకే పాత్ర, రెండు బట్టలు. అందుకే పాత్ర పేరొక్కటే కాదు, అంకం కూడా అడిగి రాసుకోండి.

హంస అనగానే అందరూ పొట్టి టూటూ కొంటారు. రష్యా నర్తకి ఆన్నా పావ్‌లోవాకి పేరు తెచ్చిన, ఫోకీన్ కూర్చిన 'డయింగ్ స్వాన్'లో ఆమె వేసుకున్నది చదునుగా నిలబడే పళ్లెం కాదు, కిందికి వాలే మెత్తటి స్కర్టు. చనిపోతున్న పక్షి రెక్క వాలుతున్నప్పుడు గుడ్డ కూడా వాలాలి కదా. ఈ పావ్‌లోవాయే మన దేశం వచ్చినప్పుడు రుక్మిణీదేవి అరండేల్‌ని బ్యాలే వైపు లాగింది, ఆ తర్వాత సొంత నేల నాట్యం వైపు చూడమని ఆమే చెప్పింది. మద్రాసులో రుక్మిణీదేవి పెట్టిన నాట్యపాఠశాల కళాక్షేత్ర పుట్టడానికి వెనక ఉన్న కథల్లో ఈ హంస కూడా ఉందని తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

నాట్యాన్ని ఎంచుకునే స్వేచ్ఛ మీకే ఉంటే అమ్మాయి బలం ఎక్కడుందో చూడండి. పొట్టి టూటూ దేన్నీ దాచదు. మోకాలు పూర్తిగా బిగియకపోయినా, తుంటి నుంచి కాలు బయటికి తిరగకపోయినా వెంటనే కనిపిస్తుంది. కాళ్లు గట్టిగా ఉండి, తిరగడంలో ధీమా ఉన్న పిల్లకి అది వరం. చేతులు, మెడ, ముఖం మాట్లాడే పిల్లకి, ఎగిరితే నింపాదిగా దిగే పిల్లకి పొడవు టూటూ ఎంతో మేలు చేస్తుంది. అలాగని పొడవు టూటూ సులువని కాదు. పాదాల శబ్దం వినబడితే తేలుతున్న భావన పోతుంది. వేగంగా తిరిగితే గుడ్డ కాళ్లకి చుట్టుకుంటుంది.

మా అమ్మాయి కూచిపూడి కూడా నేర్చుకుంటోంది. ఒకరోజు అరమండిలో, అంటే మోకాళ్లు బయటికి వంచి సగం కూర్చుని, ముందున్న కుచ్చిళ్ల విసనకర్ర పూర్తిగా విచ్చుకోవడం చూసి, "అమ్మా, ఇది కూడా టూటూ లాగే, నా మోకాళ్లు బయటికి తిరిగాయో లేదో చెప్పేస్తుంది" అంది. నిజమే. అరమండి సరిగ్గా లేకపోతే ఆ విసనకర్ర విచ్చుకోదు.

ఇంకా పాయింట్ షూస్ (మునివేళ్ల మీద నిలబడటానికి వేసుకునేవి) మీదికి రాని చిన్నపిల్లలకి తీగ వలయం ఉన్న టూటూ వద్దన్నది నా గట్టి అభిప్రాయం. ఏడెనిమిదేళ్ల పిల్లకి అది బరువు, భయం. కింద పాదాలు కనబడవు, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియదు. ట్యూల్ అనే మెత్తటి నెట్టు గుడ్డతో కుట్టిన స్కర్టు చాలు.

పెద్దపిల్లలకైనా స్టేజీ టూటూ కంటే ముందు ప్రాక్టీస్ టూటూ కొనండి. బాడిస్ లేకుండా, లియోటార్డ్ (ఒంటికి అతుక్కునే సాధన డ్రస్సు) మీద తొడుక్కునే ఉత్త స్కర్టు అది. కొన్ని పొరలే ఉంటాయి, వంద డాలర్లకి అటూ ఇటూ దొరుకుతుంది. ప్రదర్శనకి కనీసం ఆరు వారాల ముందు నుంచి అందులో సాధన చేయాలి. చేతులు కిందికి దించినప్పుడు నెట్టుని నొక్కకుండా కొంచెం గుండ్రంగా, పైకి ఆపడం అలవాటు కావాలి. ఖర్చు తగ్గించుకోవాలంటే స్టేజీ టూటూ అద్దెకి తెచ్చుకోండి గాని ప్రాక్టీస్ టూటూ మాత్రం సొంతంగా ఉండాలి.

కొలతలు, రంగు, కుట్టు

నా మొదటి పొరపాటు కొలతల్లోనే జరిగింది. ఫ్రాకు కొన్నట్టు వయసు చూసి, పైగా పెరిగే పిల్ల కదా అని ఒక సైజు పెద్దది తెప్పించాను. మన ఇళ్లలో అందరం చేసే పనే. టూటూ విషయంలో అది పనికిరాదు. పాప ఒక పక్కకి తిరిగితే వదులు బాడిస్ ఇంకో పక్కకి ఆగింది. రెండు నిమిషాల నాట్యంలో మూడుసార్లు నడుము దగ్గర లాక్కుంది. అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోలేదు.

ఛాతీ, నడుము, తుంటి కొలతలతోపాటు ఇంకొకటి తప్పనిసరి. భుజం మీద టేపు పెట్టి, ముందు నుంచి కాళ్ల మధ్యగా తీసుకెళ్లి, వెనక నుంచి అదే భుజానికి తీసుకురావాలి. దీన్ని గర్త్ అంటారు. ఇది తక్కువైతే చేయి ఎత్తగానే స్కర్టు పైకి లేస్తుంది, ఎక్కువైతే బాడిస్ ముడతలు పడుతుంది. లియోటార్డ్, టైట్స్ వేసి కొలవండి. పెరుగుదల కోసం సైజు పెంచడం కంటే, వెనక హుక్కులకి రెండు మూడు వరుసల కాజాలు ఉన్న బాడిస్ ఎంచుకోండి. ఏడాదిన్నర హాయిగా వస్తుంది. జిప్పు ఉన్నదానికి ఈ సౌకర్యం ఉండదు.

పొడవు టూటూకి ఇంకో కిటుకు ఉంది. అంచుని నడుము నుంచి కొలవరు, నేల నుంచి కొలుస్తారు. నలుగురు పిల్లలు వరుసలో నిలబడితే ఎత్తులు వేరైనా అంచులన్నీ ఒకే గీతలో ఉండాలి. అమ్మాయిని పాయింట్ షూస్ వేయించి, మామూలుగా నిలబెట్టి కొలవండి.

రంగు గురించి మనవాళ్లు తప్పకుండా ఆలోచించాలి. దుకాణాల్లో ఒంటిరంగు అని అమ్మే భుజాల పట్టీలు, వీపు మీద జాలీ గుడ్డ చాలావరకు తెల్లవాళ్ల ఒంటిరంగే. మన పిల్లల భుజం మీద అవి సున్నం గీతల్లా కనిపిస్తాయి. న్యూయార్క్‌లో నల్లజాతి నర్తకుల బ్యాలే బృందంగా మొదలైన డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ 1974లోనే తన నర్తకుల ఒంటిరంగుకి సరిపోయే టైట్స్, షూస్ వాడటం మొదలుపెట్టింది. 2018లో బ్యాలే షూస్ చేసే ఫ్రీడ్ కంపెనీ గోధుమరంగు పాయింట్ షూస్ తెచ్చింది. ఇప్పుడు అడిగితే పట్టీలు కూడా రంగు వేసి ఇస్తారు. ఇవ్వకపోతే చిక్కటి టీ డికాక్షన్‌లో నైలాన్ పట్టీని కాసేపు ముంచి చూడండి, ముందు ఒక చిన్న ముక్కతో. తెలుపులో కూడా నీలం ఛాయ ఉన్న మల్లెపువ్వు తెలుపు కంటే మీగడ తెలుపు మన ఒంటికి బాగా నప్పుతుంది, వేదిక దీపాల కింద కళ్లకి కొట్టదు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కుట్టిస్తే చవక కదా అని చాలామంది అడుగుతారు. పొడవు టూటూ అయితే కుట్టించవచ్చు. లెహంగాలో క్యాన్‌క్యాన్ వేసే మంచి దర్జీకి అది అర్థమవుతుంది. నడుము పట్టీ నుంచి ఐదారు పొరల కుచ్చులు దిగుతాయి, అంతే. గుడ్డ దగ్గర మాత్రం జాగ్రత్త. లెహంగాకి వాడే బిరుసు నెట్టు కాదు, నలిపితే చప్పుడు చేయని మెత్తటి ట్యూల్ కావాలి. బిరుసు నెట్టుతో కుట్టిస్తే జిజెల్ ఆత్మలా ఉండదు, రిసెప్షన్‌కి వచ్చిన పెళ్లికూతురిలా ఉంటుంది. పాన్‌కేక్ మాత్రం ఎంత మంచి దర్జీకైనా ఇవ్వకండి. నిక్కరు మీద ఒక్కో వరుస ఏ వెడల్పులో ఏ కోణంలో కుట్టాలో అదొక ప్రత్యేక విద్య. పదుల గంటల చేతిపని. అందుకే ఆ విద్య తెలిసినవాళ్లు కుట్టినదానికి వెయ్యి డాలర్లు దాటినా నేను బేరం ఆడను. కొనలేకపోతే అద్దెకి తెచ్చుకుంటాను, లేదా పైతరగతి అమ్మాయిల దగ్గర వాడినది అడుగుతాను. మంచి టూటూ నలుగురైదుగురు పిల్లల ఒంటి మీదికి వెళ్లినా చెక్కుచెదరదు.

ఇక దాచడం. రెండో పొరపాటు ఇక్కడ చేశాను. పొట్టి టూటూని చీరల బీరువాలో మామూలు హ్యాంగర్‌కి తగిలించాను. రెండు నెలల్లో అట్టు కాస్తా గొడుగైపోయింది. దాన్ని తలకిందులుగా, నిక్కరు భాగం పైకి వచ్చేలా వేలాడదీయాలి. అప్పుడు పొరలు వాటి బరువుకి అవే సర్దుకుంటాయి. కారులో తీసుకెళ్లడానికి మీటరు వెడల్పున్న గుండ్రటి బ్యాగ్ దొరుకుతుంది, వెనక సీటు మొత్తం దానికే ఇచ్చేయాలి. పొడవు టూటూకి ఈ బాధ లేదు, కాసేపు ఆవిరి పడితే తేరుకుంటుంది. ఏదైనా సరే వాషింగ్ మెషిన్‌లో వేయకండి. బాడిస్ లోపలి అస్తరుని తడిగుడ్డతో తుడవండి. చెమట వాసనకి నాటక కంపెనీల కాస్ట్యూమ్ గదుల్లో వోడ్కాలో నీళ్లు కలిపి చిలకరిస్తారు. మా ఇంట్లో వంటగదిలో ఆ సీసా చూసి మా అత్తగారు అడిగితే, మనవరాలి టూటూ కోసం అని చెప్పాను. ఆవిడే ఇప్పుడు ప్రదర్శన అయ్యాక దాన్ని తిరగేసి, గాలి తగిలేలా కిటికీ దగ్గర తగిలిస్తున్నారు.

ఈ ఏడాది మా అమ్మాయికి రెండు నాట్యాల్లో ఒకటి ఎంచుకోమన్నారు: 'పాకీటా'నా, 'జిజెల్' మొదటి అంకమా అని. చేతులు బాగున్నాయి, తిరగడంలో ఇంకా భయం ఉంది. జిజెల్ తీసుకుంది. నీలం స్కర్టు మా అమ్మ నరసాపురంలో కుట్టించి పంపింది, అంచు మాత్రం వదిలేసి. వచ్చే శనివారం పాయింట్ షూస్ వేయించి, నేల నుంచి కొలిచి, నేనే మడత కుడతాను.